పన్నెండు గంటల బండి: పాత కౌబాయ్ సినిమాల్లో టెన్షన్ ఎక్కడ పుడుతుంది?

1881 అక్టోబర్ 26న అరిజోనాలోని టూమ్‌స్టోన్ అనే ఊళ్లో, ఓ.కె. కొరాల్ అనే గుర్రాల దొడ్డి పక్కన కాల్పులు జరిగాయి. అమెరికన్ వెస్ట్ చరిత్రలో ఇంతగా పేరుమోసిన కాల్పులు మరొకటి లేవు. సుమారు 30 సెకన్లలో సుమారు 30 తూటాలు పేలాయి. ముగ్గురు చనిపోయారు. అంతే. ఈ అర నిమిషం మీద హాలీవుడ్ దశాబ్దాల పాటు మళ్లీ మళ్లీ సినిమాలు తీసింది. కాల్పులకు అర నిమిషం పోగా మిగిలిన గంటన్నరా, రెండు గంటలూ దేనితో నింపినట్టు?

కౌబాయ్ సినిమా అనగానే మనకు గుర్రాలు, టోపీలు, దుమ్ము, ఎడాపెడా పేలే తుపాకులు గుర్తొస్తాయి. తీరా 1950, 60ల్లో వచ్చిన మంచి వెస్టర్న్‌లను కూర్చుని చూస్తే వాటిలో కాల్పులు ఎంత పొదుపుగా ఉంటాయో తెలుస్తుంది. ‘షేన్’ (1953)లో తొలిసారి ఒక మనిషి తూటాకి కూలేసరికి సినిమా సగం దాటిపోతుంది. అప్పటిదాకా దాచిపెట్టారు కాబట్టే, ఉరుముల మధ్య ఆ బురద వీధిలో ఒక అమాయకపు రైతు వెనక్కి విరుచుకుపడితే మన కడుపులో ఏదో జారినట్టు అవుతుంది.

టెన్షన్ మీద నడిచే వెస్టర్న్‌లో కథ ఒక ముక్కలో చెప్పేయొచ్చు. చంపడానికి ఒకడు వస్తున్నాడు. ఎప్పుడొస్తాడో అందరికీ తెలుసు. వెళ్లిపోయే అవకాశం ఉన్నా ఇంకొకడు వెళ్లడు. ఈ రెండింటి మధ్య ఉన్న సమయమే సినిమా. ఎవడు గెలుస్తాడన్న ప్రశ్న పోస్టర్ మీదికి సరిపోతుంది. లోపల మనల్ని కూర్చోబెట్టేది, ఆ మిగిలిన సమయంలో ఎవరెవరు ఏమేం సాకులు వెతుక్కుంటారన్న కుతూహలం.

దీనికి అమెరికా పశ్చిమ ప్రాంతమే ఎందుకు కుదిరింది? పట్నంలో అయితే పోలీసులకు కబురు పెట్టొచ్చు, జనంలో కలిసిపోవచ్చు, సందు మలుపు తిరిగి మాయమవ్వొచ్చు. వెస్టర్న్ ఊరికి ఒకటే వీధి. అటు చివర ఒక చర్చి, ఇటు చివర స్టేషనో గుర్రపుశాలో, మధ్యలో సెలూన్ అనే సారా దుకాణం, జైలు. ఆ వీధి దాటితే కనుచూపుమేర ఖాళీ నేల. పారిపోయేవాడు గంట సేపు కనిపిస్తూనే ఉంటాడు. పై కోర్టూ, శాంతిభద్రతలు చూసే ఫెడరల్ మార్షలూ రోజుల ప్రయాణం దూరంలో ఉంటారు. సాయం వస్తుంది గానీ ఆలస్యంగా వస్తుంది.

రైలు సంగతి ఇంకా ఆసక్తికరం. 1883కు ముందు అమెరికాలో ఏ ఊరి మిట్టమధ్యాహ్నం ఆ ఊరిదే. సూర్యుడు నడినెత్తికి వస్తే పన్నెండు. ఆ ఏడాది నవంబర్ 18న రైల్వే కంపెనీలు దేశమంతటికీ ఉమ్మడి టైమ్ జోన్లు అమల్లోకి తెచ్చాయి. పశువులూ పంటలూ చూసుకుని బతికే ఊళ్లకు గడియారం ముల్లుతో పని పెట్టింది రైలే. వెస్టర్న్ దర్శకులకు రైలు అంత ఇష్టం కావడానికి ఇదో కారణమనుకుంటాను. గుర్రం మీద వచ్చేవాడు ఎప్పుడైనా రావచ్చు. రైల్లో వచ్చేవాడు చెప్పిన నిమిషానికే వస్తాడు.

ఈ లెక్కనంతా ఒకే సినిమాలో బిగించి కట్టినది ‘హై నూన్’ (1952). దర్శకుడు ఫ్రెడ్ జిన్నెమన్, రచయిత కార్ల్ ఫోర్‌మన్. నిడివి 85 నిమిషాలు. కథ నడిచేది కూడా దాదాపు అంతే సేపు, ఒక ఆదివారం ఉదయం పదిన్నర దాటాక మొదలై మధ్యాహ్నం పన్నెండు దాటిన కాసేపటికి ముగుస్తుంది. హ్యాడ్లీవిల్ ఊరి మార్షల్ విల్ కేన్ (గ్యారీ కూపర్) అప్పుడే పెళ్లి చేసుకుని, బిళ్ల తీసి పెట్టేసి, భార్యతో ఊరొదిలి వెళ్లబోతుంటాడు. ఇంతలో కబురొస్తుంది. అతను గతంలో పట్టి జైలుకి పంపిన ఫ్రాంక్ మిల్లర్ విడుదలై పన్నెండు గంటల బండికి వస్తున్నాడు. అతని మనుషులు ముగ్గురు అప్పటికే స్టేషన్లో కూర్చుని ఉన్నారు.

ఊరివాళ్లు కేన్‌ని తొందరపెట్టి గుర్రపు బండెక్కించి పంపించేస్తారు. అతనూ వెళ్తాడు. కొంత దూరం పోయాక బండి ఆపి వెనక్కి తిప్పుతాడు. ఎందుకన్నది భార్యకి సరిగా చెప్పలేకపోతాడు. ఇక్కడి నుంచి సినిమా అంతా ఒక మనిషి గడప గడపకీ వెళ్లి సాయం అడగడమే.

ఆ గడపల దగ్గర ఏం జరుగుతుందో చూడాలి. మిల్లర్‌కి శిక్ష వేసిన జడ్జిగారు గోడ మీది జెండా దింపి, లా పుస్తకాలూ న్యాయపు త్రాసూ సంచిలో సర్దుకుంటూ, ప్రజలు ఇలాగే ఉంటారని చరిత్ర పాఠం చెబుతాడు. కింద పనిచేసే కుర్ర డిప్యూటీ, మార్షల్ పదవి తనకు ఇప్పిస్తేనే తుపాకీ పడతానంటాడు. ఒక స్నేహితుడు గది లోపల దాక్కుని, ఇంట్లో లేడని భార్య చేత అబద్ధం చెప్పిస్తాడు. హోటల్ గుమాస్తా అయితే మొహమాటం లేకుండా చెబుతాడు, మిల్లర్ ఉన్న రోజుల్లో వ్యాపారం బాగుండేదని. మొదట్లో ఉత్సాహంగా ముందుకొచ్చిన ఒకాయన, ఇంకెవరూ రాలేదని తెలియగానే పెళ్లాం పిల్లలు గుర్తొచ్చి వెనక్కి తగ్గుతాడు. మిగిలింది ఒక పద్నాలుగేళ్ల కుర్రాడు, ఒక ఒంటికన్ను తాగుబోతు.

అన్నిటికంటే నాకు వణుకు పుట్టించేది చర్చి సీన్. ఊరి పెద్దమనిషి లేచి కేన్‌ని ఆకాశానికెత్తుతాడు. ఇలాంటి మార్షల్ మనకు మళ్లీ దొరకడంటాడు. వింటున్న మనకు హమ్మయ్య అనిపిస్తుంది. అదే గొంతుతో, ఊళ్లో కాల్పులు జరిగితే బయటినుంచి పెట్టుబడులు పెట్టాలనుకునేవాళ్లు ఏమనుకుంటారు, కాబట్టి నువ్వు వెళ్లిపోవడమే అందరికీ మంచిది అంటాడు. ఒక్కడు కూడా కేన్‌ని తిట్టడు. అందరి కారణాలూ వినడానికి సబబుగానే ఉంటాయి. పంచాయతీలో, ఆఫీసు మీటింగులో, అపార్ట్‌మెంట్ అసోసియేషన్లో ఇలాంటి సబబైన మాటలు వినని వాళ్లుంటారా?

ఇక దీన్ని కట్టిన తీరు. స్టేషన్ దగ్గర కెమెరాని పట్టాల మీద కిందికి పెట్టి, ఖాళీగా దిగంతం దాకా సాగిన రెండు ఇనుప గీతల్ని మళ్లీ మళ్లీ చూపిస్తారు. రైలు ఉండదు. ఉండకపోవడమే భయం. ఊరి లోపల ప్రతి గదిలో ఒక గడియారం, సీను మారినప్పుడల్లా ముల్లు కొంచెం జరిగి ఉంటుంది. ఛాయాగ్రాహకుడు ఫ్లాయిడ్ క్రాస్‌బీ వెస్టర్న్‌లలో మామూలుగా కనిపించే అందమైన మబ్బుల్ని వదిలేసి, ఆకాశాన్ని తెల్లగా, మాడిపోయినట్టుగా వదిలాడు. 50 ఏళ్ల కూపర్ ముఖంలోని ముడతల్ని, అలసటని దాచలేదు. నీడ లేని ఊళ్లో ఒంటరిగా నడిచే ఆ మనిషికి దాక్కునే చోటు లేదని మాటల్లో చెప్పనక్కర్లేదు.

పన్నెండు కొట్టే ముందు వచ్చే ఎడిటింగ్ గురించి సినిమా పాఠశాలల్లో ఇప్పటికీ చెబుతారు. కేన్ బల్ల ముందు కూర్చుని వీలునామా రాస్తుంటాడు. దిమిత్రి త్యోమ్కిన్ సంగీతం గడియారపు లోలకం లయలో కొడుతుంటే, ఆ దరువు మీదే షాట్లు తెగుతాయి. లోలకం, ఖాళీ వీధి, చర్చిలో తలలు వంచిన జనం, సెలూన్లో ముఖాలు, స్టేషన్లో ముగ్గురు, పట్టాలు, ఒకప్పుడు మిల్లర్ కూర్చుని పగ తీర్చుకుంటానని ప్రమాణం చేసిన కుర్చీ. అప్పటిదాకా సాకు చెప్పిన ప్రతి మనిషినీ ఒక్కసారి హాజరు వేసినట్టు చూపిస్తారు. అప్పుడు రైలు కూత. అసలు కాల్పుల సీను దీనితో పోలిస్తే సాదాసీదాగా ఉంటుంది. నిజానికి ఆ తర్వాత జరిగేదంతా తీర్పు వెలువడ్డాక చేసే కాగితాల పని లాంటిదే.

ఈ కథ ఇంత చేదుగా రావడానికి బయటి కారణం కూడా ఉంది. స్క్రిప్ట్ పని నడుస్తుండగానే 1951లో ఫోర్‌మన్‌కి అమెరికన్ కాంగ్రెస్ కమిటీ నుంచి పిలుపొచ్చింది. హాలీవుడ్‌లో కమ్యూనిస్టులు ఎవరో చెప్పమని అడిగే విచారణ అది. ఆయన పేర్లు చెప్పలేదు. ఎవరూ పని ఇవ్వని బ్లాక్‌లిస్టులో పడ్డాడు, ఇంగ్లండ్ వెళ్లిపోయాడు. నిన్నటిదాకా స్నేహితులైనవాళ్లు రోడ్డు దాటి అవతలి పక్కకు పోవడం ఎలా ఉంటుందో ఊహించి రాయాల్సిన అవసరం ఆయనకు లేకపోయింది. సినిమా నాలుగు ఆస్కార్లు గెలిచింది, కూపర్‌కి ఉత్తమ నటుడి అవార్డు సహా.

అందరికీ నచ్చిందనుకోకండి. వెస్టర్న్‌ల పెద్ద హీరో జాన్ వేన్‌కి ఇది అమెరికన్ స్ఫూర్తికే విరుద్ధమనిపించింది. దర్శకుడు హోవర్డ్ హాక్స్ అభ్యంతరం వేరే. ఉద్యోగం తెలిసిన షెరీఫ్ ఊరంతా తిరిగి పనిరానివాళ్లను సాయం అడగడమేంటని ఆయన చికాకు. ఇద్దరూ కలిసి జవాబుగా ‘రియో బ్రావో’ (1959) తీశారు. ఇందులో షెరీఫ్ జైల్లో ఒక హంతకుడిని పెట్టుకుని, ఫెడరల్ మార్షల్ వచ్చేదాకా కాపలా కాస్తుంటాడు. బయట హంతకుడి అన్న డబ్బుతో కిరాయి మనుషుల్ని దింపుతాడు. సాయానికి వస్తామన్నవాళ్లను షెరీఫే వద్దంటాడు. అతని వైపు ఉన్నది ఒక కుంటి ముసలాయన, తాగుడికి బానిసైన పాత డిప్యూటీ, తర్వాత చేరే ఒక కుర్రాడు.

వాదం సంగతి అటుంచితే, టెన్షన్ పనితనంలో ‘రియో బ్రావో’ పూర్తిగా వేరే దారి పట్టింది. గడియారం లేదు. నిడివి 141 నిమిషాలు. మనుషులు కబుర్లాడుకుంటారు, పాటలు పాడుకుంటారు, స్నానాల మీద జోకులేసుకుంటారు. మనం వాళ్లతో బాగా కలిసిపోయాక, సెలూన్లో విలన్ ఒక ట్రంపెట్ పాట వాయించమంటాడు. అది ‘దెగ్వెయో’, ఎవరికీ దయ చూపబోమని చెప్పే రణగీతం. టెక్సస్‌లోని అలామో కోటను ముట్టడించినప్పుడు మెక్సికన్ సైన్యం వాయించిందని చెప్పుకుంటారు. రాత్రంతా ఆ బాకా ఆగదు. తాగుబోతు డిప్యూటీ డ్యూడ్ (డీన్ మార్టిన్) చేతులు వణికి, ఓడిపోయి, గ్లాసులో విస్కీ పోసుకుంటాడు. అప్పుడు బయటి నుంచి ఆ పాట వినిపిస్తుంది. అతను గ్లాసులోని విస్కీని ఒక్క చుక్క ఒలకకుండా తిరిగి సీసాలోకి వంపేస్తాడు. చేయి వణకదు. మొత్తం సినిమాలో ఇంతకు మించిన ఉత్కంఠ ఏ కాల్పుల్లోనూ లేదు. సంగీతం మళ్లీ త్యోమ్కిన్‌దే. రెండు వైపులా వాదనలకు ఒకే మనిషి బాణీ కట్టడం భలే తమాషా.

ఎవరి పక్షం అంటే, నేను ‘హై నూన్’ వైపే. హాక్స్ షెరీఫ్ చాలా ఇష్టమైనవాడు, కానీ అతనికి భయం వేస్తుందని నాకెప్పుడూ అనిపించలేదు.

ఈ రెంటి మధ్య ‘త్రీ టెన్ టు యూమా’ (1957) ఉంది, మన దగ్గర చాలామంది 2007 నాటి రీమేక్ మాత్రమే చూసి ఉంటారు. దర్శకుడు డెల్మర్ డేవ్స్, మూలకథ ఎల్మోర్ లెనార్డ్ రాసినది. కరువుకు పశువులు చచ్చిపోతున్న ఒక రైతు, 200 డాలర్ల కోసం, పట్టుబడిన ముఠా నాయకుడిని మూడు గంటల పది నిమిషాల రైలెక్కించే పనికి ఒప్పుకుంటాడు. బండి వచ్చేదాకా ఇద్దరూ ఒక హోటల్ గదిలో కూర్చోవాలి. నాయకుడి చేతులకు బేడీలు, నోటికి లేవు. గ్లెన్ ఫోర్డ్ ఆ పాత్రని మంచం మీద పడుకుని, మెత్తగా, దాదాపు స్నేహంగా మాట్లాడుతూ చేశాడు. నన్ను వదిలేస్తే ఇంత ఇస్తానంటాడు, భార్య గురించి అడుగుతాడు, పిల్లల చదువు గురించి అడుగుతాడు. ఎదురుగా తుపాకీ పట్టుకున్న రైతు ముఖాన చెమట. గదిలో ఎవరు ఖైదీనో కాసేపటికి మనకే అనుమానం వస్తుంది.

ఇక ఇటలీ. ‘హై నూన్’ స్టేషన్లో కూర్చున్న ముగ్గురిలో ఒకతనికి సినిమా మొత్తం మీద ఒక్క డైలాగ్ కూడా లేదు. గద్ద ముక్కు, చిన్న కళ్లు. పేరు లీ వాన్ క్లీఫ్. పదమూడేళ్ల తర్వాత ఇటాలియన్ దర్శకుడు సెర్జియో లియోనే అతన్ని ‘ఫర్ ఎ ఫ్యూ డాలర్స్ మోర్’ (1965)లో కల్నల్ మోర్టిమర్‌గా ముందుకు తెచ్చాడు. లియోనే హాలీవుడ్ వెస్టర్న్‌లను పిచ్చిగా చూసి పెరిగినవాడు. ఆయన చేసిన పని, ఊరి గోడ మీది గడియారాన్ని తీసి విలన్ జేబులో పెట్టడం. ఆ విలన్ ఎల్ ఇండియో దగ్గర పాట మోగే జేబు గడియారం ఉంటుంది. పాట ఆగగానే తుపాకీ తీయాలన్నది అతని ఆట. ఆ చిన్న గంటల పాట నెమ్మదిస్తూ, ఒక్కో స్వరం మధ్య ఖాళీ పెరుగుతుంటే, మనం ఊపిరి బిగబట్టేది ఆ ఖాళీల్లోనే. చివరి పోరులో పాట ఆగబోతుండగా రెండో గడియారం మోగుతుంది. అది ఎక్కడి నుంచి వచ్చిందో, ఎందుకు వచ్చిందో చూసుకునే ఆనందం మీకే వదిలేస్తాను.

‘ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ’ (1966) చివర్లో ముగ్గుర్ని ఒక శ్మశానం నడుమ గుండ్రటి రాతి నేల మీద నిలబెట్టాడు. ఇద్దరి మధ్య పోరు అయితే ఎవరి చేయి వేగం అన్నదే లెక్క. ముగ్గురైతే అది చదరంగం. నేను వాడిని కాలిస్తే వీడు నన్ను కాలుస్తాడు. ఆ లెక్క ముగ్గురి తలల్లోనూ తిరుగుతుండగా కెమెరా చాలా దూరం నుంచి మొదలై నడుముల దగ్గరికి, చేతుల దగ్గరికి, చివరికి కళ్లలోకి వచ్చేస్తుంది. ఏమీ జరగదు. నిమిషాల తరబడి ఏమీ జరగదు. ఎన్నియో మోరికోనే సంగీతం మాత్రం పెరుగుతూ పోతుంది. ఆ శ్మశానాన్ని స్పెయిన్‌లోని బుర్గోస్ ప్రాంతంలో స్పానిష్ సైనికుల చేత కట్టించారు. తర్వాత అది గడ్డీ మట్టీ కప్పేసి మరుగున పడితే, 2015 నుంచి అభిమానులు తవ్వి మళ్లీ బయటికి తీశారు.

‘వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ది వెస్ట్’ (1968) మొదటి సీను ‘హై నూన్’కి బాహాటంగా పెట్టిన దండం. మళ్లీ స్టేషన్, మళ్లీ ముగ్గురు, మళ్లీ రైలు కోసం ఎదురుచూపు. పది నిమిషాలు దాటినా మాటలు దాదాపు లేవు. గాలిమర కీచుమంటుంది. పైనుంచి నీటి చుక్కలు ఒకడి గుండు మీద పడుతుంటాయి, వాడు టోపీ పెట్టుకుంటాడు. ఇంకొకడు వేళ్లు విరుచుకుంటాడు. మరొకడు తన గడ్డం మీద వాలిన ఈగను తుపాకీ గొట్టంలో బంధించి, లోపల అది చేసే రొద వింటూ నవ్వుకుంటాడు. ఇటాలియన్ సినిమాల్లో శబ్దమంతా తర్వాత డబ్బింగ్‌లో వేసేవారు. అందువల్ల ఏ చప్పుడు ఉండాలో, ఎంత పెద్దగా ఉండాలో పూర్తిగా దర్శకుడి చేతిలో ఉండేది. లియోనే ఆ ఖర్చు తగ్గించే పద్ధతినే ఆయుధం చేసుకున్నాడు. మనకిక్కడ హీరో ఎవరో తెలియదు, వీళ్లు ఎవరి కోసం చూస్తున్నారో తెలియదు. అయినా కదలం. ఊరికే కూర్చున్న మనిషి ఎంత ప్రమాదకరమో ఈగ మీద చూపించాడు కాబట్టి.

ఇన్నిసార్లు చూసి, చివర ఏమవుతుందో తెలిసినా, రెండోసారి అదే టెన్షన్ ఎలా పడతాం? రామాయణంలో రావణుడు చస్తాడని తెలియకుండా ఎవరూ హరికథకు వెళ్లరు కదా అని ఒక జవాబు. అంతకంటే దగ్గరి జవాబు సినిమాలోనే ఉంది. కేన్ బతుకుతాడని తెలిశాక మన చూపు అతని మీది నుంచి ఊరి మీదికి జరుగుతుంది. రెండోసారి చూస్తున్నప్పుడు చర్చిలో ఆ పెద్దమనిషి మాట మొదలుపెట్టగానే, ఈసారైనా వేరేలా చెబుతాడేమోనని తెలివితక్కువగా ఆశపడతాం.

తెలుగులో కౌబాయ్ వచ్చింది 1971లో, ‘మోసగాళ్లకు మోసగాడు’తో. కృష్ణ హీరో, నిర్మాత కూడా ఆ ఇంటి సంస్థ పద్మాలయే. కె.ఎస్.ఆర్. దాస్ దర్శకుడు, కథ, మాటలు ఆరుద్ర, కెమెరా వి.ఎస్.ఆర్. స్వామి. రాజస్థాన్ ఎడారుల దాకా వెళ్లి తీశారు. ఆ రోజుల్లో అది మామూలు సాహసం కాదు. తర్వాత చిరంజీవి ‘కొదమ సింహం’ (1990), మహేశ్‌బాబు ‘టక్కరి దొంగ’ (2002) వచ్చాయి. టోపీ, గుర్రం, నిధి, ఎడారి, మోరికోనే తరహా ఈల, అన్నీ లియోనే వైపు నుంచి మనకు చేరాయి. స్టేషన్లో పది నిమిషాల మౌనం మాత్రం చేరలేదు. హిందీలో ‘షోలే’ (1975) ఆ దారిన కొంత నడిచింది. ఠాకూర్ కుటుంబాన్ని చంపే సీనులో మాటలకంటే కిర్రుమనే ఉయ్యాల చప్పుడే ఎక్కువ పని చేస్తుంది.

మనవాళ్లు దాన్ని వదిలేయడానికి పాటలూ కామెడీ ట్రాకూ అడ్డమని అంటారు గానీ నాకది సరిపోయిన కారణంగా అనిపించదు. పాట పాడుకుంటూనే ‘రియో బ్రావో’ టెన్షన్ పెట్టింది. అసలు చిక్కు హీరో దగ్గర ఉంది. పన్నెండుకి కాసేపు ముందు గ్యారీ కూపర్ ఆఫీసులో ఒంటరిగా బల్ల మీద తల వాల్చేస్తాడు. అంతకుముందు పదిమంది గుమ్మాలెక్కి కాదనిపించుకుని వచ్చాడు. మన పెద్ద స్టార్ ఒక గుమ్మం ముందు నిలబడి సాయం అడిగితే, లోపలినుంచి ఆయన లేడని చెప్పించుకుని తలదించుకుని మెట్లు దిగే సీను ఏ రచయితైనా రాసి, ఏ నిర్మాతకైనా వినిపించగలడా? ఓడిపోయే అవకాశం నిజంగా ఉన్నవాడి కోసమే ఎదురుచూపు అంత బరువుగా ఉంటుంది. ఫస్ట్ హాఫ్ ఎంట్రీలోనే ఇరవై మందిని గాల్లోకి లేపినవాడి కోసం ఏ బండి పన్నెండుకి వస్తే మాత్రం ఏంటి?